కాల్చినా మిగిలేది బూడిదే!

పెరట్లో చెత్త పోగేసి అగ్గిపుల్ల గీస్తే పనైపోయినట్టే. పరిశ్రమల విషపు చెత్తకు మాత్రం ఆ లెక్క కుదరదు. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో 1984 దుర్ఘటన తర్వాత దశాబ్దాలుగా పడివున్న 337 టన్నుల వ్యర్థాలను 2025లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో కాల్చారు. చివరకు మిగిలిన బూడిద, ఇతర అవశేషాలు 800 టన్నుల పైమాటే! ఆమ్ల వాయువులను అణిచేందుకు సున్నం కలపడంతో బరువు పెరిగింది. గుమ్మిడిపూండి, హోసూరు, రాయచూరు పారిశ్రామిక వాడల పక్కనే కాపురముంటున్న తెలుగువారికీ ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

మంట ఒక్కటే చాలదు

ఇన్సినరేటర్‌లో రెండు గదులుంటాయి. మొదటి దాంట్లో చెత్త కాలుతుంది. ఆ పొగ రెండో గదిలో 1100 డిగ్రీల వేడి వద్ద కనీసం 2 సెకన్లు ఉండాలి. వేడి తగ్గినా, గాలి చాలకపోయినా క్లోరిన్ ఉన్న వ్యర్థాల నుంచి డయాక్సిన్లు పుడతాయి. పొగ మెల్లగా చల్లారినా అవి మళ్లీ తయారవుతాయి. అందుకే పొగను ఉన్నపళంగా చల్లార్చి, సున్నం, బొగ్గుపొడి, సంచి వడపోతల గుండా పంపి, నీళ్లతో కడిగాకే గొట్టంలోకి వదలాలి. ఘనపు మీటరు పొగలో డయాక్సిన్ల విషం 0.1 నానోగ్రాము దాటకూడదు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు.

జనం అడ్డుకున్నాకే...

2025 జనవరిలో 12 కంటెయినర్లు రాగానే పీథంపూర్ భగ్గుమంది. ‘మా నెత్తిన ఎందుకు?’ అంటూ జనం రోడ్డెక్కారు. ఆ తర్వాత 10 టన్నుల చొప్పున మూడు విడతలు ప్రయోగాత్మకంగా కాల్చారు. గంటకు 135 కిలోలతో మొదలెట్టి 180, 270 కిలోలకు పెంచారు. మిగతా 307 టన్నులు మే, జూన్ నెలల్లో కాల్చారు. బూడిదను ఎక్కడ పూడ్చాలన్నది మళ్లీ హైకోర్టు ముందుకొచ్చింది. అందులో పాదరసం లాంటి లోహాలుంటే మంటకు నశించవు. నీరు దిగని పొరలు వేసిన గోతిలోనే పూడ్చాలి.

అడిగితే తప్పు లేదు

హైదరాబాద్ శివారు దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఇలాంటి కేంద్రాలున్నాయి. ప్రమాదకర వ్యర్థాల వివరాలను పరిశ్రమలు గేటు ముందు బోర్డుపై రాయాలని సుప్రీంకోర్టు 2003లోనే ఆదేశించింది. మీ ఊరి పక్కన ఆ బోర్డుందా? ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే మూడు ప్రశ్నలు వేయండి: వేడి ఎంత, డయాక్సిన్ పరీక్ష ఎప్పుడు చేశారు, బూడిద ఎక్కడికి పోతుంది? గొట్టంలోంచి నల్లపొగ రావట్లేదు కదా అని ఊరుకోవద్దు. డయాక్సిన్ కంటికి కనిపించదు.