పాలరాపు గుట్టకు కాపలా

రాబందును మీరెప్పుడైనా కళ్లారా చూశారా? చూడకపోతే మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. చచ్చిన గొడ్డును ఊరిబయట పారేస్తే, ఎక్కడినుంచో గుంపుగా వచ్చి వాలి, కొద్దిసేపట్లో ఎముకల గూడు మాత్రం మిగిల్చి వెళ్లే పెద్ద పక్షుల సంగతి వాళ్లు చెబుతారు. ఆ పేరును మనం తిట్టుగా వాడుకుంటాం గాని, కుళ్లు మాంసాన్ని కడుపులో అరిగించుకొని ఊళ్లను రోగాల నుంచి కాపాడింది ఈ పక్షే.

1990ల తర్వాత మన దేశంలో రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా నశించాయి. అందుకే 2013లో పాత ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పొడుగు ముక్కు రాబందులు కనిపించాయనగానే పక్షుల శాస్త్రజ్ఞులు ఎంతో సంబరపడ్డారు. అక్కడ మురళిగూడ అనే పల్లె దగ్గర పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది. ఆ ఒడ్డున నిటారుగా నిలిచిన బండే పాలరాపు గుట్ట. దాని అరుగుల మీద రాబందులు గూళ్లు కట్టుకున్నాయి. ఇప్పుడా ప్రాంతం కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

గుట్టను కాపాడటం ఎట్లా? అటవీశాఖ చుట్టుపక్కల పల్లెల యువకులనే కాపలాకు తీసుకుంది. అడవి దారులు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తాయి?

ఇలాంటి కాపలాలో ముఖ్యమైన పని లెక్క పెట్టడం. అదేం పని అంటారేమో! రాబందు బరువైన పక్షి. రెక్కలు కొట్టుకుంటూ ఎక్కువ దూరం పోలేదు. ఎండకు నేల, బండలు వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి మీద తేలుతూ, గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. ఒకసారి లేచిందంటే ఎటు పోయిందో, ఏది ఏదో పోల్చుకోలేం. కాబట్టి లెక్క పెట్టేవాళ్లు ఎండెక్కక ముందే అక్కడికి చేరాలి. బండ మీద రెట్టల తెల్లని చారలుంటే పైన గూడు ఉందన్న మాట. గూటి దగ్గరికి పోకూడదు. దూరం నుంచే దుర్భిణితో చూసి, ఏ గూట్లో తల్లి పొదుగుతోంది, ఏ గూట్లో పిల్ల ఉంది అని పుస్తకంలో రాసుకోవాలి. జంట ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. దాన్ని తల్లీ తండ్రీ వంతులవారీగా దాదాపు యాభై రోజులు పొదుగుతాయి. ఒక్క పెద్ద పక్షి చస్తే ఆ ఏడాది పిల్ల కూడా పోయినట్లే.

అయితే గుట్ట దగ్గర ఎంత కాపలా కాసినా చాలదు. ఈ పక్షి ఆహారం కోసం రోజుకు పదుల కిలోమీటర్లు తిరుగుతుంది. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవులు. పక్షికి సరిహద్దు ఏం తెలుసు? దాని చావు ఎక్కడో ఒక పశువుల కొట్టంలో దాగి ఉంటుంది. నొప్పికీ వాపుకూ పశువులకిచ్చే డైక్లోఫినాక్ అనే మందు రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తుందని 2004లో తేలింది. మందు పడిన కొద్దిరోజులకే చచ్చిన పశువును తింటే, యూరిక్ ఆమ్లం తెల్లని సున్నంలా లోపలి అవయవాల మీద పేరుకొని పక్షి చనిపోతుంది. నూరు కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువ విషపూరితమైనా జాతి అంతరించేందుకు చాలని లెక్కగట్టారు.

ప్రభుత్వం 2006లో పశువులకు ఈ మందును నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతుండటంతో, 2015లో ఇంజెక్షను సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదంది. ఒక బర్రెకు అలాంటివి ఎన్నో కావాలి మరి! 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను కూడా పశువులకు నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ ఉండనే ఉంది.

నేపాల్‌లోని పిథౌలీ గ్రామస్థులు మరో ఉపాయం చేశారు. ముసలి పశువులను తెచ్చి, ఈ మందు తగలకుండా మేపి, వాటంతట అవి చనిపోయాక రాబందులకు పెట్టేవారు. 2006లో మొదలైన ఈ ఏర్పాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు జటాయువు భోజనశాల!

మీ ఇంట్లో బర్రెకో ఎద్దుకో సూది వేయించేటప్పుడు సీసా మీది పేరు చదవండి. డైక్లోఫినాక్ అని ఉంటే, బదులు మెలోక్సికామ్ వేయవచ్చా అని డాక్టరు గారిని అడగమని నాన్నకు చెప్పండి. అక్షరాలు మరీ సన్నగా ఉంటాయి గాని, మీ కళ్లు చురుకైనవే కదా!