మానని పుండుకు మార్కులు

కాలి పుండు ఎట్లుందని అడిగితే ‘జర నయం’ అంటారు పాత నిజామాబాద్ జిల్లా పిట్లం వైపు. పోయిన వారం కట్టు కట్టిన నర్సు వేరు, ఈ వారం కట్టే నర్సు వేరు. ఆ ‘జర’ ఎంతో తేల్చేదెవరు? ఇందుకోసమే పుండ్లకు మార్కులు వేసే స్కేళ్లు వచ్చాయి. అమెరికాలో 1990లలో పడకపుండ్ల కోసం తయారైన ‘పుష్’ వాటిలో చిన్నది. పొడవును వెడల్పుతో గుణించగా వచ్చే సైజుకు 10, కారే రసికి 3, లోపలి కండ తీరుకు 4, మొత్తం 17. మార్కులు తగ్గుతున్నాయంటే పుండు మానుతున్నట్టు.

ఈ ప్రాంతానికి మానని పుండ్లు కొత్త కాదు. అదే జిల్లాలో, డిచ్‌పల్లిలో, 1915లో ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు ఆస్పత్రి మొదలుపెట్టారు. కుష్ఠు నరాలను దెబ్బతీస్తే పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు, ఆ కాలితోనే నడుస్తారు. ఇప్పుడు అదే పని సుగర్ చేస్తోంది.

ఈ పుండ్లకు కట్టు కట్టే అందరూ మార్కులు వేయాలంటే స్కేలు తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్ స్కేలును తెలుగు చేయడానికి పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, రెండింటినీ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడనివాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. నిపుణులు పోల్చి దిద్దుతారు. పుష్‌ను బ్రెజిల్ నర్సులు 2005లో పోర్చుగీసులోకి తెచ్చుకున్నారు.

మాట కుదిరితే సగం పనే. అసలు పరీక్ష, ఒకే పుండును ఇద్దరు నర్సులు విడిగా చూసి ఒకే మార్కు వేస్తారా అన్నది. నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల వెడల్పు ఉంటే సైజు 12, మార్కు 8. వెడల్పును ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కొలిస్తే 12.4 అవుతుంది, మార్కు 9! పైగా కొన్నిసార్లు గుడ్డిగా వేసినా మార్కులు కలుస్తాయి. ‘అవును, కాదు’ ప్రశ్నకు ఇద్దరూ నాణెం ఎగరేసి జవాబిచ్చినా సగంసార్లు ఒకటే వస్తుంది. ఆ యాదృచ్ఛికాన్ని తీసేసి లెక్కగట్టే ‘కప్పా’ సూత్రాన్ని కోహెన్ 1960లో ఇచ్చాడు. అలాంటి ప్రశ్నకు నూటికి 80 సార్లు ఏకీభవించారని మురిసిపోతే, కప్పా దాన్ని 0.6కి దించుతుంది.

నాకు మాటలకన్నా చర్మం పెద్ద చిక్కుగా కనిపిస్తుంది. బేట్స్ జెన్సెన్ అనే మరో పుండ్ల స్కేలులో 13 అంశాలున్నాయి. పుండు చుట్టూ చర్మం గులాబీ రంగులో గానీ, ఆ జాతికి సహజమైన రంగులో గానీ ఉంటే 1, బాగా ఎర్రబడితే 2. ఎండల్లో పనిచేసి నల్లబడ్డ రైతు పాదం మీద ఆ ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? అక్కడ చేత్తో తాకి వేడినీ గట్టిదనాన్నీ చూడాలి. ఆ సంగతి తెలుగు స్కేలులో రాసి తీరాలి.

స్టాఫ్ నర్సుకు ఇంగ్లిష్ స్కేలుతోనే పని జరగొచ్చు. ఇంటి దగ్గర కట్టు మార్చే కోడలికి, ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తకు మాత్రం తెలుగులోనే కావాలి. ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌కు అంశం వెతుకుతున్నవాళ్లు ఈ తెలుగు స్కేలు పనిని తీసుకోండి. మార్కులు కలుస్తాయా అని చూసే పరీక్షలో మాత్రం నర్సులతోపాటు ఆశాలనూ కూర్చోబెట్టండి.