కఫాన్ని కదిలించే గాలి

శ్వాసనాళం ఛాతీలో రెండుగా చీలి, అక్కడి నుంచి దాదాపు 23 తరాల కొమ్మలుగా విడిపోతూ గాలిగదుల దాకా వెళ్తుంది. ఆ కొమ్మల లోపలి గోడల మీద పరుచుకున్న పలుచని జిగట పొర, పీల్చిన గాలిలోని దుమ్మును పట్టి ఉంచితే, గోడలకున్న శైలికలు, అంటే కంటికి కనిపించనంత సన్నని నూగు వంటి నిర్మాణాలు, సెకనుకు పది పదిహేనుసార్లు కదులుతూ ఆ జిగటను గొంతు వైపు నెట్టుకొస్తాయి. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల ఇళ్లలో ఒడిలో చాట పెట్టుకొని తునికాకులో తంబాకు పెట్టి బీడీలు చుట్టే స్త్రీలు పీల్చే పొడి అయినా, సిరిసిల్ల సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డుల్లో నూలు నుంచి లేచే పీచు అయినా, ముందుగా భారం పడేది ఈ పొర మీదనే. శైలికలు దెబ్బతిన్నా, క్షయ నయమయ్యాక నాళపు గోడలు సాగి సంచుల్లా మిగిలిపోయినా, కఫం బయటికి రాక నిలిచిపోయి సూక్ష్మజీవులకు నెలవవుతుంది. గోడలు అలా సాగిపోవడాన్ని వైద్యులు బ్రాంకియెక్టాసిస్ అంటారు; భారతదేశంలో 2,195 మంది రోగుల వివరాలతో 2019లో వెలువడిన అధ్యయనంలో 35.5 శాతం మందికి ఆ జబ్బు క్షయ వల్లనే వచ్చినట్టు తేలింది.

నిలిచిన కఫాన్ని దించడానికి మొదట వాడింది భూమ్యాకర్షణనే. లండన్ వైద్యుడు విలియం ఎవార్ట్ 1901లో, రోగిని తల వాలుగా పడుకోబెట్టి, కఫం దానంతటదే గొంతు వైపు జారేలా చేసే పద్ధతిని వివరించాడు. తరువాత దానికి చేయి తోడైంది: అరచేతిని పుడిసిలిలా వంచి వీపు మీద తడితే, చేతికీ ఒంటికీ మధ్య చిక్కిన గాలి బోలు చప్పుడు చేస్తూ లోపలికి కంపనాన్ని పంపుతుంది. అయితే ఈ సేవ రోజుకు రెండుమూడు పూటలు, ఏళ్ల తరబడి సాగాలి. తట్టే మనిషి లేని పూట కఫం కదలదు.

ఆ మనిషి స్థానంలో యంత్రాన్ని నిలిపే ఆలోచన కెనడాలోని మాంట్రియల్ పరిశోధకుల ప్రయోగంతో బలపడింది. కుక్కల ఛాతీ చుట్టూ గాలిపట్టీ బిగించి, సెకనుకు 13 సార్ల చొప్పున నొక్కినప్పుడు శ్వాసనాళంలో కఫం వేగంగా కదిలిందని 1983లో వారు ప్రకటించారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వారెన్ వార్విక్, లీలాండ్ హాన్సెన్ ఈ సూత్రాన్ని తొడుక్కునే కోటుగా మలిచారు. పుట్టుకతోనే కఫం చిక్కబడే సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల కోసం వారు రూపొందించిన ఈ గాలి కోటుకు గొట్టాల ద్వారా పెట్టెలోని యంత్రం గాలి అలలను పంపుతుంది. కోటు ఉబ్బి సడలిన ప్రతిసారీ నాళాల్లో గాలి ముందుకూ వెనక్కూ ఉరుకుతూ గోడకు అంటిన కఫాన్ని ఒరుస్తుంది. 1988లో అమెరికాలో దాని అమ్మకానికి అనుమతి లభించింది. అప్పటి నుంచి రోగి ఎవరి చేతి కోసమూ ఎదురుచూడకుండా, కూర్చున్నచోటనే చికిత్స పొందగలిగాడు. ఆ స్వేచ్ఛ చిన్నది కాదు.

అయినా కోటే అన్నిటికన్నా మేలైనదని తేలలేదు. ఊదేటప్పుడు గాలికి కొద్దిపాటి అడ్డు కల్పించే సాధారణమైన మాస్కుతో దానిని ఏడాది పాటు పోల్చిన కెనడా అధ్యయనం 2013లో వెలువడగా, జబ్బు తిరగబెట్టిన సందర్భాలు కోటు వాడినవారిలోనే ఎక్కువగా కనిపించాయి. ఆ మాస్కులోని కిటుకు ఇదీ: అడ్డుకు ఎదురుగా ఊదితే చిన్న నాళాలు మూసుకుపోకుండా తెరిచే ఉంటాయి, పక్క దారుల గుండా గాలి కఫపు ముద్ద వెనక్కు చేరి దానిని ముందుకు తోస్తుంది.

ఇదే పనిని నీళ్ల సీసా కూడా చేయగలదు. మూతలేని సీసాలో పది సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పోసి, కాస్త వెడల్పైన గొట్టాన్ని అడుగు దాకా దించి, ముక్కుతో గాలి పీల్చుకొని గొట్టంలోకి నెమ్మదిగా ఊదితే, ఆ పది సెంటీమీటర్ల నీటి బరువే అడ్డవుతుంది. బుడగలు చిట్లినప్పుడల్లా పుట్టే అదురు నాళాల్లోకి పాకుతుంది. పదిసార్లు ఊదాక, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా నోరు తెరిచి బలంగా గాలి వదిలి, కదిలిన కఫాన్ని ఉమ్మివేయాలి. కఫంలో రక్తం పడేవారు, క్షయ మందులు ఇంకా వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీనిని మొదలుపెట్టకూడదు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి గనుక, అక్కడి వైద్యులు బీడీల చాట ముందుకో సాంచాల షెడ్డుకో తిరిగి వెళ్లే రోగికి మందుల చీటీతో పాటు ఈ సీసాను కూడా చేతికిచ్చి, గొట్టంలోకి ఊదడమే తప్ప దానితో పీల్చకూడదనీ, నీళ్లను రోజూ మార్చి, సీసానూ గొట్టాన్నీ కడిగి ఆరబెట్టాలనీ దగ్గరుండి చేయించి చూపాలి.