ఊరెళ్లేటప్పుడు చేపల చెరువును ఎవరికి అప్పగించాలి?

పాడి ఉన్న రైతు నాలుగు రోజులు ఊరు వదలాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఉండిపోవాల్సిందే. పాలు తీయాలి, కుడితి పెట్టాలి, గడ్డి వేయాలి. చేపల చెరువుకు ఆ బాధ లేదని చాలామంది అనుకుంటారు. అరెకరం చెరువు పెట్టుకున్న సన్నకారు రైతు శబరిమలకో, తిరుపతికో, పెళ్లికో బయల్దేరేటప్పుడు పక్క చెరువు ఆసామినో, వరసకు తమ్ముడయ్యే వాడినో పిలిచి "రోజూ కాస్త మేత వేసెయ్ తమ్ముడూ" అని చెప్పి బస్సెక్కేస్తాడు. చెరువు దెబ్బతినేది చాలాసార్లు ఆ మాటతోనే.

ఎందుకంటే ఆ నాలుగు రోజుల్లో చేపను చంపేది ఆకలి కాదు. ఊపిరాడకపోవడం.

చేప మనలాగా, పశువులాగా ఒంట్లో వేడి నిలుపుకోవడానికి తిండి ఖర్చు పెట్టదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంత చల్లగా ఉంటుంది. అందుకే దానికి రోజూ తినితీరాల్సిన అవసరం లేదు. పైగా చెరువు నీటిలో కంటికి కనిపించని ప్లవకాలు ఉంటాయి. బొచ్చె, శీలావతి వాటిని తింటూ కాలక్షేపం చేస్తాయి. అరకిలో దాటిన చేప వారం రోజులు పైమేత లేకపోయినా చావదు. నాలుగు రోజులు మేత మానితే వచ్చే బరువు తేడా పట్టుబడి నాడు తక్కెడలో కనబడేది కాదు.

అప్పగింత తీసుకున్న మనిషి మనసు వేరుగా ఉంటుంది. చేపలు ఎండిపోయాయన్న మాట రాకూడదని చెప్పినదానికంటే నాలుగు దోసిళ్లు ఎక్కువే వేస్తాడు. అది అతని మంచితనం. కానీ తినగా మిగిలిన తవుడు, చెక్క అడుగుకు చేరి కుళ్లుతాయి. కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి, అమ్మోనియా పుట్టిస్తాయి. మొదటి రెండు రోజులు ఏమీ తెలియదు. మూడో నాడో నాలుగో నాడో తెల్లవారుజామున చేపలు తేలతాయి. అరెకరం రైతుకు ఏడాది పంట అంతా ఆ ఒక్క చెరువే. పొలంలో ఒక మడి పోతే ఇంకో మడి మిగులుతుంది, చెరువులో అలా ఉండదు.

తెల్లవారుజామునే ఎందుకు?

పగలు ఎండలో నీటిలోని పచ్చదనం, అంటే ప్లవకాలు, ప్రాణవాయువును తయారుచేస్తాయి. రాత్రి తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. చేపలు పీలుస్తాయి, ఆ ప్లవకాలూ పీలుస్తాయి, అడుగున కుళ్లే చెత్తా పీల్చుకుంటుంది. కాబట్టి నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది పొద్దు పొడవడానికి ముందు, 4 నుంచి 6 గంటల మధ్య. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు హాయి. 3కు తగ్గితే అవస్థ. ఇంకా దిగితే చావులే. మబ్బు పట్టిన రోజు పగటి తయారీ కూడా సరిగా జరగదు కనుక ఆ మర్నాటి వేకువ మరీ ప్రమాదం.

కాబట్టి చెరువుకు కావాల్సింది సాయంత్రం వచ్చి మేత వేసిపోయే మనిషి కాదు. వేకువన 5 గంటలకు టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ ఒక్కసారి తిరిగే మనిషి. బంధువుల్లో పొద్దెక్కి లేచేవాడు ఎంత కావాల్సినవాడైనా ఈ పనికి పనికిరాడు.

బయల్దేరే ముందు

ప్రయాణానికి వారం ముందే నీటిని చూసుకోవాలి. మధ్యాహ్నం పూట చెరువులో చెయ్యి పెట్టండి. జానెడు లోతు దిగకముందే అరచెయ్యి కనబడకుండా పోతే నీరు మరీ చిక్కబడినట్టు. ఆ వారం పేడ, సూపర్ ఫాస్ఫేటు వేయడం ఆపేయాలి. వీలుంటే కొంత పాత నీరు తీసి కొత్త నీరు పెట్టుకోవాలి. నీటికి ఏ మందైనా, సున్నమైనా వేసుకోవాల్సి ఉంటే అదీ అప్పుడే. బయల్దేరే రోజున వేసి వెళితే దాని ఫలితం చూడటానికి మీరు ఊళ్లో ఉండరు.

కొత్త పిల్లను వదలడం, వల లాగి చేపలను చూడటం కూడా ఆఖరి వారంలో వద్దు. వలలో నలిగిన చేప, దూరం నుంచి తెచ్చిన పిల్ల కొద్ది రోజుల తరువాత జబ్బు పడుతుంటాయి. చలికాలంలో అయితే ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు ఉన్న చేపలు గట్టు వారగా తిరుగుతున్నాయేమో చూసుకోండి. కనబడితే ప్రయాణం వాయిదా వేసుకుని ముందు మత్స్యశాఖ వారికి చూపించుకోవడం మంచిది.

మేత లెక్క సులువే. అరెకరంలో 1,000 చేపలు, ఒక్కోటి అరకిలో అనుకుంటే మొత్తం 500 కిలోలు. నూటికి 2 వంతున రోజుకు 10 కిలోల మేత. మీరు లేని రోజుల్లో 5 కిలోలు చాలు. మూడు రోజుల లోపు ప్రయాణమైతే అసలు మానేసినా నష్టం లేదు. చిల్లుల సంచుల్లో మేత కట్టేవారు ఏ రోజు సంచి ఆ రోజుకు తూచి మూతి కట్టి వరసగా పెట్టి, మిగతా బస్తాలను ఇంట్లో వేసి తాళం వేసుకోవడం మేలు. కింద పడి తాళం అడిగినా ఇవ్వొద్దని ఇంట్లో చెప్పండి! నిన్నటి సంచిలో మేత మిగిలి ఉంటే ఇవాళ్టిది కట్టొద్దని కూడా మనిషికి గట్టిగా చెప్పాలి.

నీరు వచ్చే తూముకు, పోయే తూముకు జల్లెడలు చూసుకోండి. ఎలుక బొరియలు, పీత బొరియలు పూడ్చండి. పక్క వరిచేలో పురుగుమందు కొట్టే అదను అయితే ఆ నీరు మీ చెరువులోకి రాకుండా తూము మూసేయండి. సైపర్‌మెత్రిన్ జాతి మందులు చేపకు కొద్దిగా తగిలినా విషమే. పక్క రైతుకు ఒక మాట ముందే చెప్పి వెళ్లడంలో తప్పు లేదు.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే

వేకువన చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతుంటే కాపలా మనిషి చప్పట్లు కొట్టి చూడాలి. గభాలున లోపలికి పోతే ఇంకా ముదరలేదు. కదలకుండా అక్కడే ఉంటే మాత్రం క్షణం ఆగకూడదు. వెంటనే మేత బంద్. కొత్త నీరు ఉంటే పెట్టాలి. లేకపోతే ఇంజనుతో చెరువు నీటినే తోడి ఎత్తు నుంచి పలక మీద పడి చిందేలా తిరిగి చెరువులోకే వదలాలి. అడుగు బురద కలపకూడదు. నల్ల బురద లేచిందంటే ఉన్న ప్రాణవాయువు కూడా పోతుంది. ఎండ బాగా ఎక్కి చేపలు లోపలికి దిగేదాకా ఇంజను ఆపొద్దు.

ఆ వేళకు మోటారుకు త్రీఫేజు కరెంటు ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఆయిల్ ఇంజను గట్టు మీద సిద్ధంగా ఉండాలి. అందులో డీజిలుండాలి. అప్పగించిన మనిషి మీ ఎదుటే ఒకసారి దాన్ని తిప్పి చూపించాలి. సొంత ఇంజను లేనివారు ఎవరిది అడగాలో, ఫోను నంబరేమిటో రాసి ఇవ్వాలి.

వేసవి ప్రయాణాలకు ఇంకాస్త భయపడాలి. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకోగలిగితే 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. గోదావరి డెల్టాలో ఆ రోజుల్లోనే కాలవలు కట్టేస్తారు, పెడదామన్నా కొత్త నీరు దొరకదు. కాలవ కట్టకముందే చెరువు నింపుకోవాలి. అది కుదరనివారు ఇంట్లో ఒకరిని ఉంచి వెళ్లడమే దారి. బుల్లి పిల్లల నర్సరీ ఉన్నవారికైతే ఏ కాలమైనా ఇదే మాట. నర్సరీ పిల్ల పస్తు తట్టుకోదు.

ఇక ఇంట్లో పిల్లలు ముచ్చటపడి పెట్టుకున్న అద్దాల తొట్టి సంగతి. దానికీ ఇదే సూత్రం. రెండు రోజుల ముందు పావు వంతు నీరు మార్చి, చచ్చిన ఆకు, మిగిలిన మేత తీసేయండి. పెరిగిన చేపలు మూడు నాలుగు రోజులు పస్తున్నా ఏమీ కాదు. గాలి మోటారు, ఫిల్టరు మాత్రం ఆపకండి. కరెంటు బిల్లుకు భయపడి మెయిన్ కట్టేసి వెళ్లేవాళ్లున్నారు, చేపలు పోయేది అందుకే. సెలవుల కోసమని షాపుల్లో అమ్మే మేత బిళ్లలు చిన్న తొట్టిలో కరిగి నీటిని పాడుచేస్తుంటాయి. దానికంటే చిటికెడు మేత కాగితంలో పొట్లం కట్టి, రెండు రోజులకొకటి అని పక్కింటివారికి ఇచ్చి వెళ్లడం నయం. డబ్బా మొత్తం ఇవ్వకండి.

తిరిగొచ్చాక తప్పిన మేతంతా ఒక్కరోజే వేసెయ్యాలన్న ఆత్రం వద్దు. మొదటి రోజు సగం వేసి, రెండు మూడు గంటల్లో సంచి ఖాళీ అవుతుందో లేదో చూడండి. ఖాళీ అయితే మర్నాటి నుంచి పెంచుకుంటూ నాలుగో రోజుకు పాత లెక్కకు రావచ్చు. వచ్చిన మర్నాడు వేకువన మాత్రం గట్టు మీదకు మీరే వెళ్లండి, ప్రయాణం బడలిక ఎంత ఉన్నా.