మీకు తెలుసా? చక్రాల కుర్చీలో వీరులు!

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ కథ నడిపించే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట 1974లో అమెరికాలో మొదలైంది. ఇందులో ఎవరి పాత్రను వాళ్లే మలచుకుంటారు. మాంత్రికుడు, యోధురాలు, దొంగ... ఏదైనా కావచ్చు. చక్రాల కుర్చీలో తిరిగే వీరుడు మాత్రం చాలాకాలం అరుదే.

2020లో సారా థాంప్సన్ అనే డిజైనర్ యుద్ధానికి పనికొచ్చే చక్రాల కుర్చీకి నియమాలు రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చారు. అందులో కూర్చున్న పాత్ర కత్తి దూస్తుంది, మంత్రం వేస్తుంది. ఎవరి జాలీ అక్కర్లేదు. మంత్రాలున్న లోకంలో చక్రాల కుర్చీ ఏమిటని కొందరు అభ్యంతరం చెప్పారు. నిప్పులు కక్కే డ్రాగన్లకు చోటున్న కథలో ఈ కుర్చీకి లేదనడం అన్యాయం.

2021లో ఇదే ఆట కోసం వచ్చిన ‘క్యాండిల్‌కీప్ మిస్టరీస్’ పుస్తకంలోని 17 సాహస కథల్లో ఒకదాన్ని జెన్నిఫర్ క్రెచ్‌మర్ రాశారు. ఆమె స్వయంగా చక్రాల కుర్చీ వాడతారు. ఆ కథలోని నేలమాళిగలో ర్యాంపులు, లిఫ్టులు ఉంటాయి. కుర్చీలో ఉన్న పాత్ర కూడా మిగతావాళ్లతో పాటే లోపలికి వెళ్తుంది.

మీరూ ఈ ఆట ఆడిస్తుంటే, అలాంటి పాత్రకు మంత్రంతో కాళ్లు తెప్పించాలని చూడకండి. ఆ కుర్చీతోనే సాహసం చేయనివ్వండి.