సెంటు సీసల పువ్వు ఎంత, పొగ ఎంత?

రీల్స్ చూసెటోళ్లకు ఈ ముచ్చట ఎరుకే. ఖరీదైన సెంటు సీసాల మీద "వైట్ ఫ్లోరల్, స్మోకీ" అని చెప్తుంటరు. వైట్ ఫ్లోరల్ అంటే మల్లె, జాజి, లిల్లీ, నారింజ పువ్వు అసొంటి తెల్లపూల వాసన. స్మోకీ అంటే పొగ. పూలేంది, పొగేంది, రెండు కలుపుడేంది అనిపిస్తది. పీర్ల పండుగ కాడ నిలవడ్డోళ్లకైతే గిది కొత్త కాదు. ఒక దిక్కు మల్లె దండలు, ఇంకో దిక్కు నిప్పుల మీద ఊదు. గసొంటి జోడీనే ప్యారిస్ కంపెనీలు సీసల వోసి వేల రూపాయలకు అమ్ముతున్నయి.

వాళ్లకు గూడ ఇది నిన్నమొన్నటి పని కాదు. షానెల్ కంపెనీ 1920లల్లనే 'క్యూర్ ద రూసీ' అనే సెంటు తెచ్చింది. ఆ పేరుకు రష్యా తోలు అని అర్థం. చేసినాయన ఎర్నెస్ట్ బో. మాస్కోల పుట్టి, రష్యా విప్లవం తర్వాత ఫ్రాన్సుకు వచ్చిండు. 1921ల షానెల్ నంబర్ 5 చేసింది గూడ ఆయననే. రష్యాల తోలుకు బర్చ్ చెట్టు బెరడు నుంచి తీసిన నూనె పట్టిచ్చేటోళ్లు. బెరడును గాలి ఆడకుంట కాలిస్తె నల్లటి తారు కారుతది, దానికి కాలిన కట్టె వాసన. ఆ వాసనను జాజి పువ్వు, నారింజ పువ్వు వాసనలతోని కలిపిండు బో. సీసల తోలు ముక్క గూడ ఉండదు.

రెండు ఎట్ల కుదిరినయి? మల్లె, జాజి పూలల్ల ఇండోల్ అనే పదార్థం ఉంటది. నమ్మబుద్ధి కాదు గని, మనిషి మలంల గూడ అదే ఉంటది. కొద్దిగుంటె పువ్వుకు నిండుతనం, ఎక్కువైతె కంపు. పొద్దుమూకినంక మల్లె వాసన బరువుగ వచ్చుట్ల దీని పాలు గూడ ఉంది. ఉత్త తీపి పూల వాసన తొందరగ మొఖం మొత్తుతది. పొగ ఆ తీపిని విరుస్తది.

అయితే "నోట్స్" అని రాసేది వాసన పోలిక, సరుకుల చిట్టా కాదు. జాజి అని రాసినంత మాత్రాన సీసల జాజి ఉన్నట్టు కాదు. ల్యాబుల చేసిన పదార్థాలే ఎక్కువ. జాజి వాసనల ఉండే హెడియోన్‌ను డియోర్ కంపెనీ 1966లనే 'ఓ సొవాజ్' సెంటుల వాడింది. పచ్చి బర్చ్ తారు మీద గూడ ఇప్పుడు ఆంక్షలున్నయి. క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటయని శుద్ధి చేసిందే వాడాలె. ఇంకొకటి, సీసా మీది "ఔద్" అంటే అగరు చెట్టు కట్టె. మన పీర్ల కాడ వేసే ఊదు సాంబ్రాణి జాతిది. పేరు ఒక్కటే, సరుకు వేరు.

కొనేటప్పుడు కాగితం ముక్క మీద కాదు, చెయ్యి మీద కొట్టి రెండు మూడు గంటలు ఆగాలె. పువ్వు వాసన ముందుగాల ఎగిరిపోతది. అడుగున ఉన్నదే మిగిలి మీతోని ఇంటికొస్తది.

ఇగ అసలు పువ్వు సంగతి. మల్లె, లిల్లీ వాసన వేడికి చెడుతదని పెద్ద కంపెనీల కోసం హెక్సేన్ అనే ద్రావకంల నానవెట్టి తీస్తరు. ముందు మైనం అసొంటి ముద్ద వస్తది. దాన్ని ఆల్కహాల్‌తోని కడిగితే అబ్సల్యూట్ అనే చిక్కటి సారం మిగులుతది. కిలో సారానికి వందల నుంచి వేల కిలోల పూలు కావాలె. తమిళనాడుల ఇది పెద్ద దందా. అక్కడి మధురై మల్లెకు 2013ల జీఐ గుర్తింపు గూడ వచ్చింది. మన దిక్కు పువ్వు మాత్రం ఎక్కువగ గుడిమల్కాపూర్ అసొంటి మార్కెట్లకు, దండల కోసమే పోతది. రేటు పడితే తెంపిన కూలి గూడ ఎల్లది, మిగిలింది చెత్తకుప్పల పడ్తది. లిల్లీ, మల్లె ఎక్కువ పెట్టే మండలాల్ల సారం తీసే యూనిట్ గురించి రైతు సంఘాలు, సర్కారు ఆలోచన చెయ్యాలె. ఫ్యాక్టరీ రేటు పండుగ పూట దండల రేటుకు సరిరాదు, అది ముందే చెప్పాలె. పారవోసే పువ్వుకైతె ఎంతోకొంత ధర కడ్తది.