స్టూలు పీట అయింది!

నాలుగు కాళ్ళ స్టూలు ఊగుతుంటే మీరెప్పుడైనా బాగుచేయబోయారా? పొడవుగా కనిపించిన కాలు కొంచెం కోస్తారు. ఇప్పుడు పక్క కాలు పొడవు! దాన్నీ కోస్తారు. మళ్ళీ మొదటిదే పొడవు. ఇలా కోస్తూ పోతే చివరికి స్టూలు కాస్తా పీట అయి కూర్చుంటుంది. వడ్రంగులు నవ్వుతూ చెప్పుకొనే కథ ఇది. నవ్వడం అయ్యాక ఒక ప్రశ్న వేసుకుందాం. ఎందుకిలా అయింది?

ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక తలం పోతుందని మీరు చదువుకున్నారు. అందుకే ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగదు. నాలుగో కాలి కొస మాత్రం ఆ తలంలోనే ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి ముందే రంపం అందుకోకూడదు. స్టూలును మరోచోట పెట్టి చూడాలి. తప్పు నేలదేమో! స్టూలుదే అయితే చదునైన బల్లమీద పెట్టి, పొట్టికాలి కింద పలచని చెక్కలు దోపి, ఊగకుండా నిలపాలి. తరువాత ఒక చెక్కముక్కమీద పెన్సిలును ఆనించి, నాలుగు కాళ్ళచుట్టూ ఒకే ఎత్తులో గీత గీయాలి. ఆ గీతల వెంబడి కోస్తే నాలుగు కొసలూ ఒకే తలంలోకి వస్తాయి.

రంపం తినే చెక్క

ఒక మీటరు పొడవున్న చెక్కను 25 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు చేయాలి. మూడు ముక్కలు సరిగ్గా వచ్చాయి. నాలుగోది 24.4 సెంటీమీటర్లే ఉంది. మిగతాది ఎవరు తిన్నారు? రంపమే! చెక్కలో ఇరుక్కోకుండా ఉండేందుకు రంపం పళ్ళను ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ కాస్త వంచి ఉంచుతారు. అందుచేత కోత సందు రేకు మందంకన్నా వెడల్పుగా ఉంటుంది. ఒక్కో కోతకు 2 మిల్లీమీటర్లు పొట్టుగా రాలితే, మూడు కోతలకు 6 మిల్లీమీటర్లు పోయినట్లే. దీన్ని పనివాడి అజాగ్రత్త అని తిట్టేకంటే, లెక్కలో రంపానికీ ఒక వాటా వేయడం మంచిది.

అల్లుడిలా బిగిసిన తలుపు

వానాకాలంలో తలుపు పండక్కి వచ్చిన అల్లుడిలా బిగుసుకుంటుంది. వెంటనే చిత్రిక పట్టి అంచు తీసేస్తే, ఎండాకాలంలో సందు వెక్కిరిస్తుంది. కర్ర గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది. విశేషమేమంటే, పొడవునా దాదాపు మారదు. అడ్డంగానే మారుతుంది. టేకు పలక 20 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. దాని తేమ 10 శాతం నుంచి 15 శాతానికి పెరిగితే వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్ల వరకు పెరగవచ్చు. అందుకే అనుభవజ్ఞుడైన వడ్రంగి చట్రం గాడిలో పలకను జిగురుతో అంటించడు. కదలడానికి చోటు వదులుతాడు.

దిద్దుకొనే దారులు

చెక్క ఓర్పుగలది. చాలా తప్పులను దిద్దనిస్తుంది. మేకు కొడితే చెక్క చీలుతోందా? మేకు మొనను సుత్తితో కొద్దిగా మొద్దుబార్చండి. వాడిమొన నారను చీల్చుకుంటూ పోతుంది, మొద్దుమొన దాన్ని నలుపుకుంటూ పోతుంది. మర మేకు రంధ్రం వదులైతే జిగురు పూసిన వెదురుపుల్ల దోపి, జిగురు ఆరాక మళ్ళీ బిగించవచ్చు. చిన్న సందులకు రంపపుపొట్టు, జిగురు కలిపిన ముద్ద చాలు. కొండపల్లి బొమ్మల పనివారి మక్కు ఇలాంటిదే. చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన ఆ ముద్దతో బొమ్మల భాగాలను అతికి, నునుపుగా తీర్చుతారు.

నవ్వరాని చోటు

అయితే కొన్ని తప్పులు నవ్వి ఊరుకునేవి కావు. కుర్చీ కాలి కుసి దాని బెజ్జంలో వదులుగా కూర్చుందనుకోండి. కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాడు తిట్లకు భయపడి, సందు పూడ్చి, పైన రంగు పూసేశాడు. రేపు ఆ కుర్చీలో కూర్చునేది ఒక ముసలమ్మ కావచ్చు. అదే, తప్పు చెబితే ముందు నవ్వి, “ఏదీ, చూద్దాం పట్టు” అనే మేస్త్రీ ఉన్నచోట కుర్రవాడు ఏదీ దాచడు. వదులైన కుసికి పలచని చెక్కపేళ్ళు అతికి, మళ్ళీ బిగించడం ఆ పూటే నేర్చుకుంటాడు.

కోపంలో మరో ప్రమాదం ఉంది. విసుగుతో ఉలిని బలంగా నెట్టినప్పుడే అది జారుతుంది. చెక్క పోతే మరోటి దొరుకుతుంది, వేలు దొరకదు. అందుకే తప్పు జరిగిన క్షణాన పనిముట్టు కింద పెట్టాలి. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి.

చేసి చూడండి

మెత్తని చెక్కముక్క ఒకటి తీసుకోండి. ఒకచోట సుత్తితో కొట్టి చిన్న సొట్ట చేయండి. పక్కనే మేకుమొనతో లోతుగా గీరండి. రెండింటిమీదా వేడినీళ్ళలో ముంచిన గుడ్డముక్క అరగంట ఉంచండి. నీళ్ళు కాచేటప్పుడు పెద్దలెవరైనా పక్కన ఉండాలి సుమా! మరునాడు చూస్తే సొట్ట కొంతైనా పైకి లేచి ఉంటుంది, గీత మాత్రం అలాగే ఉంటుంది. నలిగిన నారకూ తెగిన నారకూ తేడా ఏమిటో ఆలోచించి, మీ నోటుపుస్తకంలో రాసుకోండి.